గంగిరెద్దు, డోర్‌మ్యాట్, మహాపతివ్రత: ఈ మాట పడ్డాక మిమ్మల్ని మీరు వెతుక్కోవడం ఎలా

‘ఆయన గీసిన గీత దాటదు.’ ‘తలాడించే గంగిరెద్దు.’ ‘నోట్లో నాలుక లేదు.’ ‘డోర్‌మ్యాట్.’ ‘మహాపతివ్రత బయల్దేరింది!’ భర్తకు ఎదురు చెప్పని ఆడవాళ్ల మీద విసరడానికి మాటలకు కొదవ లేదు. వీటిలో ఒకటి మీ చెవినా పడే ఉంటుంది. మీ అక్క కోపంతో అని ఉండొచ్చు. ఆఫీసులో పక్క సీటావిడ నవ్వుతూ అని ఉండొచ్చు. ఇన్నేళ్లూ మీరు తలూపుతుంటే హాయిగా ఉన్న భర్తే ఒకరోజు విసుక్కుని ‘నీకంటూ ఒక అభిప్రాయం ఏడవదా?’ అని ఉండొచ్చు. ఎవరూ అనకపోయినా, ఏ అర్ధరాత్రో నిద్ర పట్టక మీకు మీరే అనుకుని ఉండొచ్చు.

ఆ మాటకు ఏం బదులు చెప్పాలన్నది చిన్న సంగతి. దాని వెనక నిజంగా ఏదైనా పోగొట్టుకున్నారా, పోగొట్టుకుంటే ఎలా తెచ్చుకోవాలి అన్నది పెద్ద సంగతి. నన్నడిగితే, మీరు ఎంత తరచుగా ‘సరే’ అంటున్నారో లెక్కపెట్టి లాభం లేదు. ‘వద్దు’ అనే వీలు ఉండి కూడా ‘సరే’ అన్నారా, వీలు లేక అన్నారా అన్నదే చూడాలి. కింది పనులన్నీ అది తేల్చుకోవడానికే.

మొదటి పని: భయం ఉందేమో చూసుకోండి

ఒక చిన్న విషయం ఊహించుకోండి. ఆదివారం ఎక్కడికో వెళ్దామని ఆయన అన్నారు. మీకు ఇష్టం లేదు. ‘నేను రాను’ అన్నారు. తర్వాత ఏం జరుగుతుంది? మనసులో తట్టిన మొదటి జవాబునే పట్టుకోండి. దానికి మెరుగులు దిద్దకండి.

‘మొహం ముడుచుకుంటారు’, ‘వాదిస్తారు’, ‘రెండు రోజులు మాట్లాడరు’ అని తడితే ఈ వ్యాసంలో మిగతాది మీకు పనికొస్తుంది. ‘చెయ్యి చేసుకుంటారు’, ‘వస్తువులు విసిరేస్తారు’, ‘ఫోన్ లాక్కుంటారు’, ‘డబ్బులు ఆపేస్తారు’, ‘పిల్లల్ని నాకు దక్కనివ్వనంటారు’ అని తడితే మాత్రం ఇక్కడ ఆగాలి. అలాంటి ఇంట్లో అణిగి ఉండటమంటే దెబ్బ తప్పించుకోవడానికి నేర్చుకున్న నేర్పు. ఆ మనిషిని డోర్‌మ్యాట్ అనడం పైనుంచి ఇంకో దెబ్బ వేయడమే.

ఒంటి మీద మచ్చ లేకపోతే హింస లేనట్టేనని ఇంకా చాలామంది అనుకుంటారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఇవాన్ స్టార్క్ 2007లో దీన్ని గట్టిగా కాదన్నారు. ఎవరితో మాట్లాడాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఎక్కడికి వెళ్లాలి లాంటి రోజువారీ విషయాలన్నీ ఒకరి గుప్పిట్లోకి పోవడమే అసలు హింస అని, కొట్టడం అందులో ఒక భాగం మాత్రమేనని ఆయన వాదన. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015లో వచ్చిన చట్టంతో ఈ రకం అదుపు నేరమైంది. భారతదేశపు 2005 గృహహింస చట్టం కూడా మాటలతో పెట్టే బాధను, మానసిక వేధింపును, డబ్బు ఇవ్వకుండా కట్టడి చేయడాన్ని హింస కిందే లెక్కేస్తుంది.

మీ ఇల్లు ఇలాంటిదైతే ఎదురు చెప్పడం సాధన చేయకండి, డైరీ రాయకండి. నమ్మకమైన ఒక్క మనిషికి సంగతి చెప్పండి. ఆయన చూడలేని ఫోన్ నుంచి మీరున్న చోటి మహిళా హెల్ప్‌లైన్‌కు మాట్లాడండి. ముఖ్యమైన కాగితాల నకళ్లు బయట ఎవరి దగ్గరైనా ఉంచండి. వెళ్లిపోతానని ముందుగా ప్రకటించకండి. విడిపోయే సమయంలోనే ప్రమాదం ఎక్కువని గృహహింస బాధితులకు సాయపడే పనిలో ఉన్నవాళ్లు హెచ్చరిస్తారు.

రెండో పని: ముద్రను సంఘటనగా మార్చండి

‘మొన్న నేను నోరు విప్పలేదు’ అన్నది ఒక సంఘటన. ‘నేను నోరు లేని మనిషిని’ అన్నది తీర్పు. సంఘటన విషయంలో ఏదో ఒకటి చేయొచ్చు. తీర్పును మోయడం తప్ప చేయగలిగిందేమీ లేదు. చేసిన ఒక పనిని పట్టుకుని మొత్తం మనిషికి పేరు పెట్టేయడాన్ని కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్స) చేసేవాళ్లు ఆలోచనలో జరిగే పొరపాట్లలో ఒకటిగా చూస్తారు.

అందుకే ఒక కాగితం తీసుకుని మీ మీద పడ్డ మాట రాయండి. దాని కింద అది ఏ సందర్భంలో పడిందో, అప్పుడు మీరు ఏం చేశారో రాయండి. విశేషణాలు వద్దు. ‘ఆయనకు వేరే ఊరు బదిలీ అయింది. నా ఉద్యోగం సంగతేంటని ఎవరూ అడగలేదు. నేనూ ఎత్తలేదు. రాజీనామా ఇచ్చేశాను.’ ఇలా. డోర్‌మ్యాట్ అనే మాట కంటే ఈ నాలుగు వాక్యాలే ఎక్కువ బాధ పెట్టొచ్చు. ఆ మాట దగ్గర లేని దారి మాత్రం ఈ వాక్యాల్లో ఉంది. ‘నేనూ ఎత్తలేదు’ దగ్గర ఆగి, ఎందుకు ఎత్తలేదని అడగొచ్చు.

ఆ తర్వాత అన్నవాళ్లెవరో చూడండి. మీ అక్క అంటే, ఆమెకు ఏదో కనిపించి ఉంటుంది. చెప్పే పద్ధతి చెడ్డదైనా చూసింది నిజం కావచ్చు. ‘అక్కా, ఏం చూసి అలా అన్నావో ఒక్కటి చెప్పు’ అని అడగండి. ఆమె ఒక సంఘటన చెప్తే వినండి. ‘ఎప్పుడూ అంతే నువ్వు’ అంటే అక్కడితో వదిలేయండి. నలుగురిలో నవ్వడానికి అన్నవాళ్లకు వివరణ అక్కర్లేదు. ‘మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం’ చాలు, ఆ తర్వాత మాట మార్చేయండి.

భర్తే అంటే లెక్క వేరు. తన మాట నెగ్గినన్నాళ్లూ మీ మౌనం ఆయనకు సుఖం. ఏదైనా బెడిసికొట్టిన రోజు అదే మౌనం మీ తప్పవుతుంది: ‘నీకు బుర్ర ఉంటే అప్పుడే చెప్పేదానివి కదా!’ ఈ మాటతో మీరు కుంగిపోనక్కర్లేదు. దాన్ని ఆయన అడిగినట్టే తీసుకోండి. ‘సరే, ఇకనుంచి ముందే చెప్తాను. చెప్పినప్పుడు వినాలి మరి’ అనండి. ఆ క్షణంలో ఎలాగూ గొడవ ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క మాటకు కొత్తగా పోయేదేమీ ఉండదు.

ఇక్కడ ఒక పక్కదారి ఉంది, చాలామంది అందులో పడతారు. గంగిరెద్దు కాదని నిరూపించుకోవడానికి ప్రతిదానికీ అడ్డం తిరగడం మొదలుపెడతారు. ఆయన తూర్పంటే వీళ్లు పడమర. అప్పుడు కూడా వీళ్ల దిక్కును నిర్ణయించేది ఆయనే కదా!

మూడో పని: దగ్గరితనమా, చెరిగిపోవడమా తేల్చుకోండి

పెళ్లి మనిషిని మార్చకుండా ఉండదు. ఇద్దరు కలిసి బతికితే అలవాట్లు, మాటతీరు, స్నేహాలు ఒకరివి ఒకరికి అంటుకుంటాయి. ఆ మార్పునంతా నష్టం కింద రాసుకుంటే ఏ కాపురమూ మిగలదు.

1992లో ఆర్థర్ ఆరన్, ఇలెయిన్ ఆరన్, డానీ స్మోలన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దగ్గరితనాన్ని కొలవడానికి ఒక సులువైన సాధనం ప్రచురించారు. ఏడు బొమ్మలు. ప్రతి బొమ్మలో రెండు వృత్తాలు: ఒకటి ‘నేను’, ఇంకోటి ‘నా మనిషి’. మొదటి బొమ్మలో అవి అంచులు తాకుతుంటాయి, ఏడో బొమ్మలో దాదాపు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మీ బంధానికి ఏది సరిపోతుందో ఎంచుకోమంటారు. ఎక్కువగా కలిసిన బొమ్మను ఎంచుకున్నవాళ్లు సాధారణంగా తమ బంధంలో దగ్గరితనం ఎక్కువని చెప్పినవాళ్లే. నాకు ఇందులో నచ్చింది వేరే. ఏడు బొమ్మల్లోనూ రెండు వృత్తాలు సమానంగానే ఉంటాయి. ఎంత దగ్గరైనా ఒకటి చిన్నదైపోనక్కర్లేదన్నమాట.

కాబట్టి మీరు మీ సొంత బొమ్మ గీయండి. ఆ ఏడింటిలోంచి ఎంచుకోవద్దు, మీకు తోచిన సైజులో గీయండి. పెళ్లయిన కొత్తలో ఎలా ఉండేదో ఒకటి, ఇప్పుడెలా ఉందో ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ వృత్తం ఆయనకు దగ్గరైందా, చిన్నదైందా అన్నది మాటల కంటే ముందు చేతికే తెలుస్తుంది. ఇది శాస్త్రీయ పరీక్ష అని నేననను. ఆలోచన మొదలుపెట్టడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇంకాస్త లోతుగా చూడాలంటే డానా జాక్ పని దగ్గరికి వెళ్లాలి. ఈ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డిప్రెషన్‌లో ఉన్న ఆడవాళ్లతో మాట్లాడి, బంధం నిలబెట్టుకోవడానికి వాళ్లు తమ గొంతును తామే ఎలా నొక్కేసుకుంటారో గమనించారు. దాన్ని కొలవడానికి 1992లో డయానా డిల్‌తో కలిసి 31 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి నాలుగు. ఒకటి, నన్ను నేను ఎదుటివాళ్ల కళ్లతోనే తూచుకుంటున్నానా? రెండు, ప్రేమంటే నా అవసరాన్ని ఎప్పుడూ చివర పెట్టుకోవడమే అనుకుంటున్నానా? మూడు, గొడవ అవుతుందని మనసులో మాట మింగేస్తున్నానా? నాలుగు, పైకి ఒద్దికగా ఉంటూ లోపల రగిలిపోతున్నానా?

ఈ నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఇష్టపడి ఇచ్చిపుచ్చుకునే మనిషిలో ఆ మంట ఉండదు. ఆయన ఊరెళ్లినప్పుడు మీకు దిగులు కంటే ముందు ఒళ్లు తేలికైనట్టు అనిపిస్తే, ఆయన బండి చప్పుడు వినగానే భుజాలు బిగుసుకుంటే, ఆయన మీద చిన్న చిన్న విషయాల్లో పగ తీర్చుకుంటున్నారని మీకే తెలుస్తుంటే (కావాలని ఆలస్యం చేయడం, ‘మర్చిపోయాను’ అనడం), మీ ‘సరే’ల కింద చాలా ‘వద్దు’లు పూడిపోయి ఉన్నాయి.

‘గొడవెందుకులే’ అని మింగేసేదానికి ఖర్చేమీ లేదనుకుంటాం. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో తరాలుగా జరుగుతున్న గుండె జబ్బుల అధ్యయనంలో భాగంగా 3,500కు పైగా స్త్రీ పురుషులను 10 ఏళ్లు గమనించి, 2007లో ఒక ఫలితం ప్రచురించారు. భర్తతో గొడవ వచ్చినప్పుడు మనసులో మాట చెప్పకుండా అణచుకునే ఆడవాళ్లు ఆ 10 ఏళ్లలో చనిపోయే అవకాశం, అలా అణచుకోని ఆడవాళ్ల కంటే 4 రెట్లు కనిపించింది. మగవాళ్లలో ఈ తేడా కనిపించలేదు. మౌనమే చంపిందని దీనికి అర్థం కాదు, రెండూ కలిసి కనిపించాయని మాత్రమే. అయినా ‘నేను సర్దుకుపోతే అందరూ బాగుంటారు’ అనే లెక్కలో ‘అందరూ’లోంచి ఒకరు జారిపోతున్నారని గుర్తు చేయడానికి ఇది చాలు.

ఇదంతా చదివి, ‘ఆయన ముందుంటే నేను వెనక నడవడమే నాకిష్టం, నిర్ణయాల బరువు నాకొద్దు’ అనిపించేవాళ్లూ ఉంటారు. మంచిదే. కాకపోతే మూడు విషయాలు చూసుకోండి. ఇంట్లో డబ్బెంత, అప్పెంత మీకు తెలుసా? రేపు మనసు మారి ‘ఇది నేను చూసుకుంటాను’ అంటే ఆ పగ్గం మీ చేతికి వస్తుందా? ఇలా ఉండటం ఇష్టమని మీరు చెప్తున్నప్పుడు పక్కన ఎవరూ లేకపోయినా అదే చెప్తారా? మూడింటికీ అవునైతే ఎవరు ఏ పేరు పెట్టినా మీరు ఈ వ్యాసం మూసేసి మీ పని మీరు చూసుకోవచ్చు.

నాలుగో పని: కొన్నాళ్లు రాసి చూడండి

రెండు వారాలు చాలు. ఇంట్లో తీసుకునే నిర్ణయాలు, చిన్నవైనా సరే, రాయండి. ఏది చూడాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎవరింటికి వెళ్లాలి, ఏం కొనాలి. ప్రతిదానికీ రెండే సంగతులు: ఆయన్ని అడగకముందు నాకేం అనిపించింది, చివరికి నేను ఏమన్నాను.

కిటుకంతా మొదటిదాంట్లో ఉంది. ఆయన జవాబు విన్నాక మీ అభిప్రాయం రాస్తే అది ఆయన అభిప్రాయమే అయిపోతుంది, మీకు తెలియకుండానే. అందుకే అడగకముందే రాయాలి. చాలామందికి మొదట్లో అక్కడ ‘తెలీదు’ అని రాయాల్సి వస్తుంది. ‘ఏదైనా పర్లేదు’ కూడా ‘తెలీదు’ కిందే లెక్క. అది చూసి కంగారు పడకండి. ఏళ్ల తరబడి అడగని ప్రశ్నకు జవాబు వెంటనే రాదు.

రాసింది చదివేటప్పుడు విషయాన్ని బట్టి చూడండి. డబ్బు దగ్గర గట్టిగా మాట్లాడే మనిషి ఆయన చుట్టాల విషయంలో మూగబోవచ్చు. అన్నిట్లోనూ అణిగిపోయేవాళ్లు తక్కువ. మీరు ఎక్కడ మూగబోతున్నారో తెలిస్తే పని సగం చిన్నదవుతుంది.

ఐదో పని: ఇష్టాలను వెనక్కి రప్పించండి

‘నాకేం ఇష్టం?’ అని కూర్చుని ఆలోచిస్తే బుర్ర ఖాళీగానే ఉంటుంది. అటునుంచి రండి. ‘నాకేం ఇష్టం లేదు?’ అని అడగండి. అయిష్టాలు తొందరగా పలుకుతాయి, ఒంట్లోనే పలుకుతాయి. గొంతు బిగుసుకోవడం, దవడ నొక్కుకోవడం, మాట మధ్యలో ఉన్నట్టుండి అలసట ముంచుకురావడం. ‘సరే’ అన్న వెంటనే ఒళ్లు ఏం చేసిందో గమనించడం అలవాటు చేసుకోండి. నోరు ఒప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోని చోట్లు దొరుకుతాయి.

తర్వాత, వదిలేసినవాటి జాబితా. పాట, ఈత, ఒక స్నేహితురాలు, ఒక భాష, ఒంటరిగా నడక. ఏవైనా. ప్రతిదాని పక్కనా ఎలా పోయిందో రాయండి. కొన్నింటి మీద మీకే మోజు తీరిపోయి ఉంటుంది, వాటిని పోనివ్వండి. కొన్ని పిల్లలతో, పనితో తీరిక లేక పోయి ఉంటాయి. కొన్ని మాత్రం ఆయన ఒకసారి మొహం చిట్లించినందుకు పోయి ఉంటాయి. ఆయనకు ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. ఈ మూడో రకంలోంచి ఒక్కటి ఎంచుకుని మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి వద్దు.

పెళ్లికి ముందున్న అమ్మాయిని తిరిగి తీసుకురావాలని మాత్రం చూడకండి. ఆమె ఇష్టాలు కూడా చాలావరకు అప్పటి స్నేహితులవి, ఇంట్లోవాళ్లవి అయి ఉంటాయి. ఇప్పటి వయసులో, ఇప్పటి బాధ్యతల్లో ఉన్న మీకు ఏది బాగుంటుందో చూడాలి.

ఈ దశలో మనుషులు ముఖ్యం. మీరు ఇంట్లో ఒకలా, బయట ఇంకోలా ఉంటారేమో గమనించండి. ఎవరి దగ్గరైతే మీరు గట్టిగా నవ్వుతారో, వాదిస్తారో, ‘ఛీ, నాకది నచ్చలేదు’ అని తడుముకోకుండా అంటారో, వాళ్లతో మళ్లీ మాట కలపండి. మధ్యలో ఏళ్లు గడిచాయని మొహమాటపడకండి. ‘చాలా రోజులైంది, నువ్వు గుర్తొచ్చావు’ అని మెసేజ్ పెడితే తప్పుపట్టేవాళ్లు అరుదు.

ఆరో పని: చిన్న విషయాలతో నోరు విప్పండి

మొదటి ‘వద్దు’ను పెద్ద విషయం మీద ప్రయోగించకండి. ఇల్లు అమ్మడం, ఉద్యోగం, అత్తింటివాళ్లతో పాతగొడవ ఇవన్నీ తర్వాత. ఏ సినిమా, ఏ రంగు, ఎన్ని గంటలకు బయల్దేరడం లాంటివి ఇప్పుడు. ఓడినా గెలిచినా ఎవరికీ నష్టం లేని చోట గొంతు సవరించుకోవాలి.

మీ నోటి నుంచి ‘సరే’ అలవాటుగా జారిపోతుంటే ముందు దాని వేగం తగ్గించండి. ‘చూసి చెప్తాను.’ ‘రేపటిదాకా టైమివ్వు.’ అంతే. ఈ వాక్యాలు ఎవరినీ ఎదిరించవు. కానీ అడిగిన ప్రశ్నకూ మీ జవాబుకూ మధ్య మీరు ఆలోచించుకునేంత చోటు ఇస్తాయి. కొన్ని వారాలు ఈ ఒక్కటే చేసినా చాలా తేడా కనిపిస్తుంది.

తర్వాత, చెప్పాల్సినదాన్ని అడగడం మానండి. ‘శనివారం సునీతను కలవనా? నీకేం ఇబ్బంది లేదుగా? వంట చేసే వెళ్తాలే’ అన్నప్పుడు అనుమతి, క్షమాపణ, లంచం మూడూ ఒకే ఊపిరిలో ఇచ్చేశారు. ‘శనివారం సునీతను కలుస్తున్నాను, ఐదింటికి వచ్చేస్తాను’ అనండి. ఇద్దరి మీదా భారం పడే విషయాలైతే అడగాలి, చర్చించాలి, అందులో ఇద్దరిదీ సమాన బాధ్యత. మీ ఒక్కరికే సంబంధించినవి చెప్తే చాలు. ఏది ఏ రకమో తేల్చుకోలేక తికమక పడితే, ఇదే పని ఆయన చేసేటప్పుడు మిమ్మల్ని అడుగుతారా అని చూడండి. తొంభై పాళ్లు జవాబు అక్కడే ఉంటుంది.

కష్టమైన మాట ఎత్తాల్సి వచ్చినప్పుడు మొదలుపెట్టే తీరు చాలా ముఖ్యం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ గాట్‌మన్, సిబిల్ కారెర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో కొత్తగా పెళ్లైన జంటల గొడవల్లో మొదటి 3 నిమిషాలు చూసే ఎవరు విడిపోతారన్నది చాలావరకు అంచనా వేయగలిగారు. మాట కటువుగా మొదలైతే చివరిదాకా అలాగే సాగుతుంది. కాబట్టి ‘నువ్వొక నియంతవి’ అని మొదలుపెట్టకండి. అదీ ముద్రే, మీ మీద పడ్డదానికి జోడీ. జరిగింది చెప్పండి, మీకేం అనిపించిందో చెప్పండి, ఏం కావాలో చెప్పండి. ‘నిన్న మీ తమ్ముడికి డబ్బిస్తానని ఫోన్‌లో మాటిచ్చేశావు. నాకు తర్వాత తెలిసింది, చాలా కష్టంగా అనిపించింది. ఇంత పెద్ద మొత్తమైతే మాటిచ్చేముందు ఇద్దరం మాట్లాడుకోవాలి.’ ఆయన్ని ‘మీరు’ అనే అలవాటుంటే అలాగే అనండి, మర్యాద తగ్గించనక్కర్లేదు, మాట తగ్గించకపోతే చాలు. గొంతు వణికినా ఫర్వాలేదు. ఏడుపొచ్చినా ఆపి మళ్లీ అదే వాక్యం పూర్తిచేయండి.

డబ్బు సంగతి వేరే చెప్పాలి కానీ క్లుప్తంగానే. మీ పేరు మీద ఖాతా, దాని పాస్‌వర్డ్ మీ దగ్గర. సంతకం పెట్టే ప్రతి కాగితం చదివాకే సంతకం. ‘నీకెందుకు టెన్షన్, నేను చూసుకుంటా’ అన్నప్పుడు కూడా.

ఏడో పని: ఎదురుగాలికి సిద్ధపడండి

ఇల్లంతా మీ మౌనానికి అలవాటుపడి ఉంది. మీరు కదిలితే అందరూ తమ చోటు మార్చుకోవాలి, అది ఎవరికీ ఇష్టముండదు. కుటుంబాల మీద పనిచేసిన అమెరికన్ సైకియాట్రిస్టు మర్రే బోవెన్, ఇంట్లో ఒకరు తమకంటూ నిలబడితే మిగతావాళ్ల స్పందన ఒక వరుసలో వస్తుందని చెప్పారు: నువ్వు చేస్తున్నది తప్పు, మళ్లీ మునుపటిలా ఉండు, ఉండకపోతే జరగబోయేది ఇదీ.

మన ఇళ్లలో దీని మాటలు మీకు తెలిసినవే. ‘ఈమధ్య నువ్వు నువ్వులా లేవు.’ ‘ఎవరో నీకు ఎక్కిస్తున్నారు.’ ‘ఇంతకుముందు ఎంత బాగుండేదానివి!’ విచిత్రమేంటంటే నిన్నటిదాకా గంగిరెద్దు అన్నవాళ్లే ఇవాళ గయ్యాళి అంటారు. ముద్రలు రెండే ఉంటాయి, మధ్యలో మామూలు మనిషికి పేరుండదు. గయ్యాళి అనిపించుకుంటే మీరు కాస్త కదిలారనే గుర్తు.

అప్పుడు చేయాల్సింది ఎక్కువ వాదించకపోవడం. కారణాలు పెంచే కొద్దీ ఆయనకు కొట్టేయడానికి పాయింట్లు పెరుగుతాయి. ఒకే మాట, అదే స్వరంలో: ‘నీకు నచ్చలేదని అర్థమైంది. నేను మాత్రం వెళ్తున్నాను.’ అలిగి మాట్లాడకపోతే, ఆ మౌనాన్ని మీరు పరుగెత్తుకెళ్లి పగలగొట్టకండి. మామూలుగా ఉండండి, మామూలు విషయాలు మామూలుగా మాట్లాడండి. మీరూ మూతి బిగించొద్దు. ఇన్నాళ్లూ ఆ మౌనం భరించలేకే ‘సరే సరే’ అనేవారు కదా, ఈసారి అది దానంతటదే కరిగే దాకా ఆగి చూడండి. మొదటిసారి చాలా పొడుగ్గా అనిపిస్తుంది. తప్పు చేసినట్టు గుండెలో పీకుతుంది కూడా. ఆ పీకుడును తప్పు చేశారనడానికి రుజువుగా తీసుకోకండి, అలవాటు తప్పారనడానికే అది గుర్తు.

మూడో మెట్టు మాటలు, ‘లేకపోతే చూడు ఏం చేస్తానో’ లాంటివి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వాటిలో బెదిరింపు ఉంటే సాధన ఆపి మొదటి పని దగ్గరికి వెనక్కి వెళ్లండి.

భర్తలు కొందరైనా ఇక్కడిదాకా చదువుతారని ఆశ. గాట్‌మన్ బృందం 130 కొత్త జంటలను 6 ఏళ్ల వరకు గమనించి 1998లో రాసిన దాన్ని బట్టి, భార్య మాటను లెక్కలోకి తీసుకోవడానికి నిరాకరించే భర్తల కాపురాలు ఎక్కువగా చెడిపోయాయి. ఆమె అన్నదానికల్లా తలూపమని కాదు. ఆమె ‘సరే’ అన్నాక ఒక్కసారి ‘నిజంగానేనా? నీకేం అనిపిస్తోంది?’ అని అడగండి. అడిగాక ఆగండి. ఆమెకు జవాబు వెతుక్కోవడానికి టైం పడుతుంది.

అలాగే, అక్కలూ స్నేహితురాళ్లూ. మీకు ఆమె మీద ప్రేమ ఉంటే డోర్‌మ్యాట్ అనకండి. ఆ మాట విన్నాక ఆమె భర్తను వెనకేసుకురావాల్సి వస్తుంది, తర్వాత మీకు ఏదీ చెప్పదు. ‘మొన్న నువ్వు ఏదో చెప్పబోయి ఆగిపోయావు, ఏంటది?’ అని అడిగి వినండి.

ఎనిమిదో పని: సాయం ఎప్పుడు, ఎలా తీసుకోవాలి

కొన్ని నెలలు ప్రయత్నించాక కూడా ఏ ప్రశ్నకూ ‘తెలీదు’ తప్ప జవాబు రాకపోతే, నిద్ర, ఆకలి దెబ్బతింటే, రోజుల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, చచ్చిపోతే బాగుండనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, కౌన్సెలర్ దగ్గరికి గానీ సైకియాట్రిస్టు దగ్గరికి గానీ వెళ్లండి. ఆ చివరిదైతే ఇవాళే వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. ఇన్నేళ్లు మింగినదంతా డిప్రెషన్‌గా మారి ఉండొచ్చు, దానికి మందులూ మాటలూ రెండూ ఉన్నాయి.

ముందు ఒంటరిగా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్ ఆయన ఎదుట మీరు నిజం చెప్పగలిగినప్పుడే పనిచేస్తుంది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే జంట కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టకూడదు. గదిలో చెప్పిన మాటకు ఇంటికొచ్చాక మూల్యం చెల్లించాల్సి రావచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మూడు విషయాలు అడిగేయండి: నేను చెప్పింది నా భర్తకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ చెప్తారా, గృహహింస కేసుల్లో పనిచేసిన అనుభవం ఉందా, నేను ఒక్కదాన్నే రావచ్చా. మొదటి సెషన్‌లోనే ‘ఆడదానివి, కాస్త సర్దుకుపోవాలమ్మా’ అని వినిపిస్తే రెండో సెషన్‌కు వెళ్లనక్కర్లేదు, ఇంకొకరిని చూసుకోండి.